పీకిన పత్తితో నడిచిన హాలు

ఆదోనిలో మా చిన్న పత్తి వర్తకుల సంఘానికి ఖజాంచిగా ఉన్నాయన పోయిన నెల ఎమ్మిగనూరులో, కూతురింట్లో పోయాడు. ఫోను చేసిన మా సంఘం మనిషి "అన్న పోయినాడప్పా" అన్నాడు. అదే నోటితో "ఇంక హాలు సంగతి తేల్చేయొచ్చు" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. నా చదువు అంతంత మాత్రమే. తప్పులుంటే ఉండనీ.

ఆ హాలు సంఘానిది. ఆస్పరి, హాలహర్వి నుంచి పత్తి తెచ్చిన రైతులు, సరుకు ఆ రోజు అమ్ముడుపోకపోతే రాత్రికి అందులో పడుకునేవాళ్లు. మార్కెట్టులో కొనేవాళ్లు నాణ్యం చూడడానికి ప్రతి మూటలోంచి గుప్పెడు పత్తి పీకి, చూసి, కింద పడేస్తారు. ముందు దాన్ని అంగళ్లవాళ్లే ఊడ్చుకుని అమ్ముకునేవాళ్లు. ఈయన ఖజాంచి అయ్యాక సాయంత్రమైతే గోతం పట్టుకుని తానే ఏరేవాడు. అది అమ్మిన డబ్బే హాలుకు కరెంటు, నీళ్లు, చాపలు.

"పెద్దమనిసివి, కసువు ఊడ్సుకుంటాండావేందన్నా?" అని ఎగతాళి చేసేవాళ్లు.

"నీ అంగట్లో ఉంటే అదీ ఇయ్యప్పా, ఊడ్సుకుంటా" అనేవాడు. నవ్వేవాడు కాదు.

తన టీకి కూడా సంఘం డబ్బు ముట్టలేదు. ఒకసారి సంఘం డబ్బుతో అధ్యక్షుడికి శాలువా కప్పుదామన్నారు. "సలిగా ఉంటే ఇంట్లో దుప్పటి కప్పుకోమను" అన్నాడు. అధ్యక్షుడికి ఆ కోపం ఏళ్ల తరబడి పోలేదు.

తర్వాత పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులు ఒకటొకటే మూతపడ్డాయి. మార్కెట్టుకు పత్తి తగ్గింది. చందాలు ఆగాయి. కరెంటు బిల్లు కట్టలేక సంఘం కుర్చీలు అమ్ముకున్నాం. హాలును అంగళ్లుగా విడగొట్టించి బాడుగకు ఇద్దామన్నారు. ఖజాంచి సంతకం లేనిదే కుదరదు. ఆయన పెట్టలేదు.

"ఇది మన దుడ్డు కాదప్పా. రైతు మూటలోంచి పీకింది. పోయి వాన్ని అడగండి."

మంచం పట్టాక కూడా ఎమ్మిగనూరుకు కాగితం తీసుకుపోయారు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడట.

సంతాప సభలో అందరూ కాసేపు మౌనంగా నిలబడ్డారు. కొత్త ఖజాంచి అప్పటికే తయారు. కూర్చోగానే కాగితం తిరిగింది. నేను సంతకం పెట్టలేదు. నా ఒక్కడి కోసం ఆగే పని కాదు.

నిన్న హాలుకు షట్టర్లు బిగించారు. పొద్దు గూకేటప్పుడు హాలహర్వి రైతు ఒకడు వచ్చి, ఆ షట్టర్లను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసి, "ఇంక యాడ పండుకోవల్లప్పా?" అని నన్నడిగాడు. నా అంగడి అరుగు చూపించాను. పొడుగాటి మనిషి, కాళ్లు చాపుకునేందుకు చాలలేదు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, టవలు ముఖం మీద వేసుకున్నాడు. లారీ పోయినప్పుడల్లా అది లేచిపోతుంటే, కళ్లు తెరవకుండానే చేత్తో అదిమి పట్టుకుంటున్నాడు.