మా మిషన్ల హాల్లో వరుసలు

బళ్లారిలో మాది జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్. కొత్త మనిషి చేరితే మేం మొదట మిషన్ చూపించేవాళ్లం కాదు, వరుస కలిపేవాళ్లం. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఆ ఊళ్లో ఫలానావాళ్లు మీకేమవుతారు అని ఆరా తీసి, టీ తాగడం అయ్యేలోపు ఒక చుట్టరికం అంటగట్టేవాళ్లం. సిరుగుప్ప వైపు నుంచి వచ్చినా, హగరి దగ్గర నుంచి వచ్చినా ఎక్కడో ఒకచోట చుట్టరికం తగులుతుంది. తగలకపోతే మా బావ తగిలించేవాడు.

ఈ బావ మా అక్క భర్త, మా కటింగ్ మాస్టర్. యూనిట్ పెట్టినప్పటి నుంచి గుడ్డ కోసేది ఆయనే. ఆయన కలిపే వరుసల్లో మగవాళ్లు మామలు, అల్లుళ్లు. పెద్ద వయసు ఆడవాళ్లు అక్కలు, అత్తలు. వయసులో ఉన్న ఆడవాళ్లు మాత్రం ఎటు తిప్పినా ఆయనకు మరదళ్లే అయ్యేవాళ్లు. ఆ లెక్క ఎట్లా కుదిరేదో దేవుడికే ఎరుక. నాకు నవ్వొచ్చేది. నన్ను కూడా మా అక్కను చేసుకున్న నాటి నుంచి "ఏం మరదలా" అనే పిలుస్తాడు, నేనూ తగ్గకుండా అంటిస్తాను. మా వైపు బావా మరదళ్లు వేళాకోళం ఆడుకోకపోతే ఇంట్లో ఏదో గొడవైందనుకుంటారు.

అందుకే మా పీఎఫ్, ఈఎస్ఐ కాగితాలు చూసే లేబర్ కన్సల్టెంట్ వచ్చి కమిటీ వేయాలంటే నాకు ఒళ్లు మండింది. ఆ మధ్య ఆయన వచ్చినప్పుడల్లా ఏదో ఒక కొత్త సంగతి మోసుకొచ్చేవాడు. కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, వయసు పైబడినవాళ్లకు ఏడాదికోసారి ఆరోగ్య పరీక్షలు చేయించాలి అన్నాడు. సరే అన్నాను. ఆ రోజు మాత్రం నా మీద తప్పు పెట్టాడు.

"ఇది కొత్తది కాదు మేడం, ఎన్నేళ్ల నుంచో ఉండాది. మీరే వేయలేదు. పదిమంది పనిచేసే చోట ఆడవాళ్లను ఎవరన్నా ఇబ్బంది పెడితే ఇనేదానికి ఒక కమిటీ ఉండాల."

"ఈడ బయటోళ్లు ఎవరుండారప్పా? అంతా చుట్టాలే గదా! చుట్టాల మధ్య కమిటీ ఏంది?"

ఆయన కాగితాలు సర్దుకుంటూ తాపీగా, "చుట్టాలని పీఎఫ్ కట్టకుండా ఉండారా మేడం?" అన్నాడు.

కమిటీ వేశాం. కమిటీకి పెద్దగా కూర్చునేది పనిచేసేవాళ్లలో సీనియర్ ఆడమనిషి అయ్యుండాలట. మాలో సీనియర్ అంటే చెకింగ్ అక్క. కుట్టు పూర్తయిన ప్యాంట్లు చూసి, వేలాడే దారాలు కత్తిరించే పెద్దావిడ. ఆమెతో పాటు ఇద్దరు టైలర్లు, బయటి నుంచి ఒక రిటైరైన లాయరమ్మ. "నేను ఓనర్ని, నేను కూర్చోకూడదా?" అంటే కూర్చోకూడదన్నాడు. నోటీసు గోడకు అంటించాం. బావ దాన్ని పైకి చదివి, "ఏం జడ్జమ్మా, నాకు ఉరా, యావజ్జీవమా?" అని చెకింగ్ అక్కను ఆటపట్టించాడు. హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

జేబులు కుట్టే లైన్లో ఒకామె ఉండేది. చేరి కొన్ని నెలలే. ఊరూ బస్సూ మార్చి చెబుతున్నాను, తెక్కలకోట బస్సులో వచ్చేదనుకోండి. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుంటే నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, నేను మాస్టర్‌కు మరదల్ని కాను," అంది.

"ఓసి పిచ్చిదానా, అది ఆయన నోటి అలవాటు. నన్నూ అంటాడు."

"మిమ్మల్ని భుజం మీద చెయ్యేసి అంటాడా? మిషన్ ఎనకాల నిలబడి, జడ పట్టుకొని అంటాడా? అందరూ పోయినాంక ఉండు, పనుండాది అంటాడా? వద్దంటే, 'మరదలివి గదా, బావకు ఆమాత్రం హక్కు లేదా' అంటాండాడు."

నా నవ్వు ఆగిపోయింది. ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి.

"ఇంట్లో తెలిస్తే పని మాన్పిస్తారు మేడం. ఆడ ఏదో అయ్యిందంట అని ఎవరన్నా అంటే సాలు, బస్సెక్కనియ్యరు. నాకు ఈ పని కావాల. మిషన్ మీద కూర్చుంటేనే నేనూ ఒక మనిషినన్నట్టు ఉంటాది. మీరు ఆయప్పను నలుగురిలో తిడితే ఊరంతా తెలుస్తాది. ఊరకుంటే నేను రాలేను. ఎట్ల సేస్తారో సేయండి."

నాకు కోపం నషాళానికంటింది. ఇప్పుడే లాక్కొచ్చి నిలబెడతానని లేచాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపి, గోడ వైపు చూపించింది.

"అది అంటించినారే మేడం, ఉత్తదేనా?"

కుర్చీలో కూలబడ్డాను. నేను ఎవరో ఇన్‌స్పెక్టర్ చూస్తాడని అంటించిన కాగితాన్ని, ఈమె తన కోసం అంటించారని నమ్మింది!

కన్సల్టెంట్‌కు ఫోన్ చేశాను. ఆమె రాసివ్వాలి, కమిటీ ఇద్దరి మాటా వినాలి, పేర్లు బయటికి పొక్కకూడదు, నేను వేలు పెట్టకూడదు అన్నాడు. "ఇంకోటి మేడం, మనుషుల్ని పిలిపించి అడిగేదానికి ఆ కమిటీకి సివిల్ కోర్టుకు ఉండే అధికారం ఉంటాది."

"ఎవరికి? మా చెకింగ్ అక్కకా?"

"ఆమెకే."

అబ్బా! ఫోన్ పెట్టేసి ఆమె వైపు చూశాను. మెడలో చిన్న కత్తెర వేలాడేసుకుని ప్యాంట్ల గుట్ట ముందు కూర్చుని ఉంది. బావ ఎదురైతే కొంగు సర్దుకుని గోడ వారకు తప్పుకునే మనిషి. ఆమెకు కోర్టంత అధికారం ఇచ్చింది ఎవరు, ఎప్పుడు ఇచ్చారు, నా కళ్ల ముందే ఉంటే నాకెందుకు కనపడలేదు!

జేబుల లైన్ ఆమె రాసిచ్చింది. ఎవరి కంటా పడకుండా విచారణ సెలవు రోజు పెట్టుకున్నారు. కటింగ్ రూముకు అద్దాల తలుపు ఉంది. బయట నుంచి కనిపిస్తుంది గానీ మాట వినపడదు. ముందు ఆమె వచ్చి, చెప్పుకుని వెళ్లిపోయింది. తర్వాత బావ వచ్చాడు. అలవాటు కొద్దీ ఎగిరి కటింగ్ టేబుల్ మీద కూర్చున్నాడు. చెకింగ్ అక్క ఏదో అంది. ఆయన దిగి స్టూల్ మీద కూర్చున్నాడు. చేతులు తిప్పుతూ ఏదో చెప్పి నవ్వాడు. లోపల ఎవరూ నవ్వలేదు. చెకింగ్ అక్క మళ్లీ ఏదో అడిగింది. ఆయన మళ్లీ నవ్వబోయాడు, కుదరలేదు. కాసేపటికి ఆ చేతులు రెండూ ఒళ్లోకి వచ్చి చేరాయి.

యూనిట్ నాది, తాళాలు నావి, ఆ స్టూల్ కూడా నేను కొన్నదే. ఆ గదిలోకి పోయే హక్కు మాత్రం నాకు లేదు. చిత్రమేమిటంటే నాకు చిన్నతనం అనిపించలేదు. గుడిలో దర్శనానికి నిలబడ్డట్టు నిలబడిపోయాను. చెకింగ్ అక్క బయటికి రాగానే ఆత్రంగా, "ఏమైందక్కా?" అన్నాను. రోజూ ఊరి కబుర్లన్నీ నాకు మోసే మనిషి, "సెప్పగూడదమ్మా," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

రిపోర్టు వచ్చింది. తప్పు రుజువైంది. బావ రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి, కుట్టే హాల్లో అడుగు పెట్టకూడదు, మళ్లీ ఇట్లాంటిది జరిగితే పని పోతుంది. ఇంకా యూనిట్‌లో ఎవరూ ఎవరినీ వరుసలతో పిలవకూడదు, పేరుతోనే పిలవాలి. ఇవన్నీ సంతకం పెట్టి అమలు చేయాల్సింది నేను. బావ ఇంటికి వచ్చి విరుచుకుపడ్డాడు.

"సొంత బావనని గూడా సూడకుండా సంతకం పెడతావా? నేను పోతే నీ యూనిట్ యాడుంటాది?"

మాట నిజమే. ఆర్డర్లు మీద పడి ఉన్నాయి.

"పోతే పో బావా. ఇంకొకరు దొరికేదాకా గుడ్డ నేనే కోస్తా. సంతకం పెడతాండా," అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనిపించింది.

సాయంత్రం మా సొంత అక్క ఫోన్ చేసింది. పుట్టి బుద్ధెరిగి దాని దగ్గర నేను ఏదీ దాచలేదు.

"ఏమైందే? ఆయప్ప అన్నం ముట్టకుండా కూర్చున్యాడు."

"చెప్పకూడదక్కా."

అవతల తలుపు వేసిన చప్పుడైంది.

"సెప్పొద్దులే. ఆ పిల్ల, ఎవరో గానీ, పనిలో ఉండాదా?"

"ఉండాదక్కా."

"అంతే సాలు," అని పెట్టేసింది. మొగుడి సంగతి దానికి ఎప్పటి నుంచి తెలుసో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు ఆమె బస్సు దిగి వచ్చేదాకా నేను గేటు దగ్గరే ఉన్నాను. వచ్చింది. ఏమీ జరగనట్టు మిషన్ ముందు కూర్చుంది. కమిటీవాళ్లకు తప్ప హాల్లో ఎవరికీ ఏమీ తెలియదు. పేర్లతో పిలుచుకోవాలనేది ఇంకో కొత్త రూలు అనుకుని, ఒకరినొకరు పిలుచుకుంటూ సిగ్గుపడి నవ్వుకుంటున్నారు. కాసేపటికి బావ కూడా వచ్చాడు. తలెత్తకుండా కటింగ్ రూములోకి పోయాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

మధ్యాహ్నం దాటాక జేబు ముక్కల సంగతి కనుక్కోవడానికి హాలు గుమ్మం దాకా వచ్చాడు. గడప దగ్గరే ఆగాడు. నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. ఆమె పేరు పెట్టి, చివర గారు అని చేర్చి, "జేబు ముక్కలు ఉండాయా, కోసేదా?" అన్నాడు.

మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. ఆమె మాత్రం ఆపలేదు.

"ఉండాయి మాస్టర్," అంది, తల తిప్పకుండా.

ఇన్ని నెలలు ఆ పేరు నేను జీతాల కాగితంలో చూస్తూనే ఉన్నాను. పైకి పలికితే ఎంత బాగుందో! మీకూ వినిపించాలని నాలుక చివరిదాకా వస్తోంది. చెప్పను. చట్టం ఒప్పుకోదు.