గీత దాటాకే పడింది

మా డ్రిల్లు మేడం పోయారు. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆదివారం సాయంత్రం ఆ కబురు వచ్చింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల మధ్యలోనే ఎవరో క్రికెట్ మ్యాచ్ స్కోరు పెట్టారు. ఇక అందరూ దాని మీద పడ్డారు. కాసేపటికి మేడం కబురు ఎక్కడో పైకి వెళ్ళిపోయింది. మళ్ళీ చదువుకుందామంటే వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇది చూస్తే ఆమె ఏమనేవారో నాకు తెలుసు. "టీవీ ముందు దేశం పేరు చెప్పి అరిచేవాళ్ళకి లోటు లేదమ్మాయ్. బడి గ్రౌండులో పల్లేరు కాయలు ఏరమంటే మాత్రం ఒక్కడూ రాడు." ఈ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో.

నల్లపాడు దాటి లోపలికి వెళితే వచ్చే మా ఊరి హైస్కూల్లో ఆమె వ్యాయామం టీచరు. నేత చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని, మెడలో విజిల్‌తో వచ్చేవారు. చీర మీద బూట్లేమిటని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వితే, "మీరూ తొడుక్కోండి, పొలంలో ముళ్ళు గుచ్చుకోవు" అనేవారు. మా గ్రౌండు నల్లరేగడి. వానొస్తే పిక్కల్లోతు బురద, ఎండొస్తే కాలు దిగబడేంత నెర్రెలు. మిరప కోతలు మొదలైతే రైతులు కాయలు తెచ్చి అక్కడే ఆరబోసేవాళ్ళు. అంతకుముందున్న సారు ఆ రెండు నెలలూ ఆటలు మానేసి కుర్చీలో కూర్చునేవాడట. ఈమె రైతుల దగ్గరికే వెళ్ళారు. "మీ కాయలు ఎండాలి, నా పిల్లలు పరిగెత్తాలి. సగం మీరు తీసుకోండి, సగం నాకొదిలెయ్యండి" అన్నారు. ఒప్పుకున్నారు. ఘాటుకి దగ్గుతూ, తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ పరిగెత్తేవాళ్ళం. "ఈ గాలిలో పరిగెత్తినోళ్ళకి ఏ ఊరి గాలైనా తేలికేనమ్మాయ్" అని నవ్వేవారు.

లెక్కల సారు గేమ్స్ పీరియడ్ లాక్కోకుండా ఉన్న రోజున వానపడితే, వరండాలో కూర్చోబెట్టి ఆటల చరిత్ర చెప్పేవారు. ఆధునిక ఒలింపిక్స్ మొదటిసారి జరిగినప్పుడు అందులో ఒక్క ఆడమనిషి కూడా లేదని ఆమె చెబితేనే నాకు తెలిసింది. మారథాన్‌లో ఆడవాళ్ళను పరిగెత్తనిచ్చింది 1984లోనని చెబితే, "అంటే మా అమ్మ పుట్టాకేనా మేడం!" అని ఎవరో నోరు తెరిచారు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది 1928 ఒలింపిక్స్ గురించి. మన దేశానికి హాకీలో మొదటి బంగారు పతకం వచ్చింది ఆ ఆటల్లోనే. "అది అందరూ చెప్తారు. ఇంకోటి జరిగింది, అది ఎవరూ చెప్పరు" అని మొదలుపెట్టేవారు.

ఆ ఏడే మొదటిసారి ఆడవాళ్ళకు ఎనిమిది వందల మీటర్ల పందెం పెట్టారు. ఫైనల్లో తొమ్మిదిమంది పరిగెత్తారు. తొమ్మిదిమందీ గీత దాటారు. గెలిచినామె ప్రపంచ రికార్డు పెట్టింది. పరుగు అయ్యాక ఒకరిద్దరు అలసి నేల మీద పడ్డారు. మర్నాడు కొన్ని పత్రికలు, ఆడవాళ్ళు మధ్యలోనే ఆగిపోయారనీ, కుప్పకూలారనీ, చూడలేకపోయామనీ రాశాయి. ఆ పందెం తీసేశారు. మళ్ళీ పెట్టడానికి ముప్ఫై రెండేళ్ళు పట్టింది.

"మగాళ్ళు పడరా మేడం?" అని అడిగింది రమీజా.

"ఎందుకు పడరు? మారథాన్ అయ్యాక చూడు, సగంమంది నేల మీదే ఉంటారు. దాన్ని పట్టుదల అంటారు. ఆడది పడితే మాత్రం బలహీనత అంటారు."

రమీజా నా బెంచీలోనే కూర్చునేది. వాళ్ళ నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మేము పరిగెత్తుతుంటే మా అడుగులు మాకే వినపడేవి. రమీజా పక్కనుంచి దాటిపోయాకగాని దాటిందని తెలిసేది కాదు. మేడం తనకొచ్చినదంతా దానికి నేర్పారు. ఆమె కూడా ఒకప్పుడు ఎనిమిది వందలే పరిగెత్తేవారు. రాష్ట్రం దాకా వెళ్ళి, శిక్షణ ఇచ్చేవాళ్ళు లేక అక్కడే ఆగిపోయారు. తను ఆగినచోటు ఈ పిల్ల దాటాలని ఆమె ఆశ. ఆ మాట పైకి అనలేదు గాని మాకందరికీ తెలుసు.

మేం పదో తరగతిలో ఉండగా జిల్లా పోటీలు గుంటూరులో జరిగాయి. ఎనిమిది వందలంటే అక్కడ రెండు చుట్లు. మొదటి చుట్టులో రమీజా వెనకే ఉంది. "తొందరపడకే, తొందరపడకే" అని మేడం గీత పక్కన నిలబడి గొణుగుతున్నారు. రెండో చుట్టు ఆఖరి మలుపులో అది ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చింది. అందరికన్నా ముందు గీత దాటింది. ఇంకో నాలుగు అడుగులు వేసి, మోకాళ్ళ మీద కూలబడి, పక్కకు ఒరిగిపోయింది. మేడం పరిగెత్తి తల ఒళ్ళో పెట్టుకుని మొహం మీద నీళ్ళు చల్లారు.

అది కళ్ళు తెరిచి, "ఫస్టేనా మేడం?" అంది.

"ఫస్టే తల్లీ."

లేచి కూర్చుని రెండు అరటిపళ్ళు తింది. బస్సులో ఊరు చేరేదాకా పాటలు పాడింది.

మర్నాడు ఒక దినపత్రిక జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. రమీజా నేల మీద పడి ఉంది, మేడం వంగి ఉన్నారు. "పరుగు పందెంలో కుప్పకూలిన బాలిక" అని పైన పెద్ద అక్షరాలు. మండుటెండలో పిల్లల్ని బలవంతంగా పరిగెత్తిస్తున్నారని కింద రాశారు. గెలిచిందన్న మాట ఎక్కడా లేదు.

మేడం ఆ పేపరు పట్టుకుని గుంటూరులో ఆ పత్రిక ఆఫీసుకి వెళ్ళారు. వచ్చాక మాకు చెప్పారు. "గెలిచిందని కూడా రాయండి బాబూ అన్నాను. గెలవడం వార్త కాదండీ, రోజూ ఎవరో ఒకరు గెలుస్తూనే ఉంటారు అన్నాడు ఆ విలేకరి."

ఆ వారంలోనే హెడ్మాస్టరు గదిలో పంచాయితీ పెట్టారు. స్కూలు కమిటీ ఛైర్మన్ వచ్చాడు. రమీజా వాళ్ళ నాన్నను పిలిపించారు. ఆడపిల్లలమంతా కిటికీ కింద నిలబడి విన్నాం.

"ఆడపిల్లల ఒళ్ళు అంత దూరానికి ఆగదు మేడం. ఖోఖో ఆడించుకోండి, చాలు" అన్నాడు ఛైర్మన్.

"ఈ మాట ఎప్పుడో 1928లోనే అన్నారండీ. కొత్తగా మీరేం చెప్పలా" అని మేడం ఆ ఒలింపిక్స్ సంగతి చెప్పారు.

"ఎక్కడో దేశం గోల మాకెందుకు? మా ఊళ్ళో పిల్లకి ఏదన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?"

"ఏం కాలేదు కదండీ. పిల్ల గెలిచింది. మీరు దండ వేసి ఊరేగించాల్సిన పిల్ల."

రమీజా నాన్న భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. "మేడంగారూ, మీరంటే నాకు గౌరవమండీ. కానీ పేపర్లో పిల్ల బొమ్మ అట్టా పడిపోయి ఉంటే, చూసినోళ్ళందరూ ఏం జబ్బు అని అడుగుతున్నారండీ. నేనేం చెప్పను?" అన్నాడు.

రాష్ట్ర పోటీలకు రమీజా పేరు పంపలేదు. రెండో స్థానం పిల్ల వెళ్ళింది. ఆడపిల్లల పరుగు పందేలు మా బడిలో ఆపేశారు. వేసవి సెలవులయ్యేసరికి మేడంకి దాచేపల్లి అవతల స్కూలుకి బదిలీ అయింది. రమీజా పదో తరగతితో చదువు ఆపేసింది. తర్వాత గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనిలో చేరింది. నేను ఇంటర్ చదివి, డిగ్రీ చదివి, బ్యాంకులో చేరాను.

కొన్నేళ్ళకి బ్యాంకు పని మీద దాచేపల్లి వెళ్ళినప్పుడు మేడం స్కూలు వెతుక్కుంటూ వెళ్ళాను. జుట్టు తెల్లబడింది. గ్రౌండులో కూర్చుని పల్లేరు కాయలు ఏరుతున్నారు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "రమీజా ఏం చేస్తోంది?"

చెప్పాను. ఆమె ఏరుతున్న చేతులు ఆగాయి. మళ్ళీ ఏరడం మొదలుపెట్టారు.

"ఇక్కడా బాగా పరిగెత్తేవాళ్ళు ఉన్నారా మేడం?" అన్నాను, మాట మారుద్దామని.

"ఉన్నారు. ఒకత్తి ఉంది, అచ్చం రమీజాలాగే. వంద మీటర్లే పరిగెత్తిస్తున్నా."

"ఎనిమిది వందలు?"

"పెట్టడం లేదమ్మాయ్. భయమేస్తోంది." ఏరిన కాయలు పక్కన పోసి, "చూశావా, వాళ్ళు చెప్పిందే నాతో చేయించారు" అన్నారు.

ఆమె గురించి నాకున్న జ్ఞాపకాలన్నిటిలో నేను క్షమించలేనిది ఇదే. ఆమెను కాదు. అంత మనిషి చేత ఆ మాట అనిపించినవాళ్ళను.

మొన్న మా ఊరి బడిలో సంతాప సభ పెట్టారు. మేడం ఫొటోకి చామంతి దండ వేశారు. పాత ఛైర్మనే ముఖ్య అతిథి. ఆడపిల్లల్ని క్రీడల్లో ముందుకు నడిపించిన మహా మనిషి అన్నాడు. ఆమె సేవలు ఊరు మరువదన్నాడు. ఇక నుంచి ఏటా ఆమె పేరు మీద బాలికలకు ముగ్గుల పోటీ పెడతామని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు.

వెనక వరసలోంచి రమీజా లేచింది. పని బట్టల్లోనే వచ్చింది. వేళ్ళ చివర్లు ఎర్రగా ఉన్నాయి.

"ముగ్గులెందుకండీ? ఎనిమిది వందలు పెట్టండి."

ఛైర్మన్ నవ్వాడు. "నువ్వే కదమ్మా ఆ రోజు పడిపోయింది?"

"నేను పడింది గీత దాటాకండీ" అంది రమీజా. "గెలిచి పడ్డాను. మేడం పోయే లోపల ఆ మాట ఆమె ముందు మీరొక్కసారి అని ఉంటే బాగుండేది."

హెడ్మాస్టరు మైకు అందుకుని రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు. మౌనం అయ్యాక అందరికీ ఉప్మా, టీ ఇచ్చారు.

మేమిద్దరం టీ తాగకుండా బయటికొచ్చేశాం. ఊరి చివర స్టాపులో గుంటూరు బస్సు ఆగి ఉంది. మేం సగం దూరంలో ఉండగా కండక్టరు రైట్ రైట్ అన్నాడు.

"పరిగెత్తవే, అందుతుంది" అన్నాను.

రమీజా బస్సు వైపు చూసింది. చెప్పులు విడవలేదు, చీర ఎత్తి పట్టుకోలేదు.

"ఇంకోటి వస్తుందిలే" అంది.

మిరప టిక్కీ బస్తాలు నింపుకున్న లారీ ఒకటి బస్సు వెనకే వెళ్ళింది. ఆ దుమ్ము సర్దుకునేదాకా ఇద్దరం కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాం.