ఎదురింటివాళ్ళు మాల్దీవులు వెళ్ళొచ్చారు

మా అన్న పోయాక మా అమ్మ ఏడ్చింది తక్కువ, తిట్టింది ఎక్కువ. తిట్టింది దేవుణ్ణి కాదు, డాక్టర్లనూ కాదు. ఎదురింట్లో అద్దెకున్న ఒక కొత్త జంటను.

బంగారుపాళ్యంలో మా పుట్టింట్లో నాయన పోయాక అమ్మ, అన్న, వదిన, వాళ్ళ కూతురు ఉండేవాళ్ళు. అన్న హైవే పక్కనున్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వదిన చిత్తూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. నేను పెళ్ళయి తిరుపతిలో ఉంటున్నాను, ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తున్నాను. ఎదురింటి అబ్బాయి బ్యాంకు ఉద్యోగి. అతనికి పెళ్ళయిన నెలలోనే లాక్‌డౌన్ వచ్చింది. ఏడాది పాటు ఆ ఇద్దరూ ఇల్లు, బ్యాంకు తప్ప ఎక్కడికీ కదల్లేదు. మరుసటి ఏప్రిల్లో మాల్దీవులకు మనవాళ్ళను రానిస్తున్నారని తెలిసి టికెట్లు కొనుక్కున్నారు.

అప్పటికే రోగం రెండోసారి పెరుగుతోంది. ఆ అబ్బాయికి మా అన్నంటే గౌరవం. వీధి గేటు దగ్గర నిలబడి అడిగాడట.

"అన్నా, ఈ టైములో పొయ్యి రావచ్చునంటారా?"

"గవర్నమెంటే పొమ్మంటా ఉంటే వద్దనేదానికి నేనెవురప్పా? టెస్టులు చేసుకొని జాగ్రత్తగా పొయ్యి రాండి" అన్నాడు అన్న.

అన్న అలా అనడానికి ఒక కారణం ఉంది. అంతకు ముందేడు తమ పెళ్ళయి పదేళ్ళయిన సందర్భంగా తనూ వదినా శ్రీలంక వెళ్ళాలనుకున్నారు. తిరుపతికొచ్చి మా ఇంట్లో దిగి పాస్‌పోర్టులు చేయించుకున్నారు. అంతలో విమానాలు ఆగిపోయాయి. వదిన మొహం చిన్నబుచ్చుకుంటే, "సముద్రం యాడికి పోతుంది, వచ్చే ఏడు పోదాం" అని నవ్వాడు.

అమ్మ మాత్రం లోపల్నుంచే ఆ అబ్బాయికి వినబడేట్టు అంది. "దేశమంతా రోగం పెట్టుకొని ఎవురన్నా షికారు పోతారా? ఇంట్లో ఉండలేరా?"

ఆ వారంలోనే పలమనేరులో మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి. అన్న వెళ్ళొద్దన్నాడు. అమ్మ వినలేదు. సొంత అక్క మనవరాలి పెళ్ళికి పోకపోతే రేపు మొహం ఎలా చూపించాలని పట్టుబట్టింది. చివరికి అన్నే కారు మాట్లాడి తీసుకుపోయాడు. నాకు సెలవు దొరక్క నేను వెళ్ళలేదు. ఫోటోల్లో చూశాను. మాస్కులన్నీ గడ్డాల కిందే ఉన్నాయి.

తర్వాత జరిగింది నాకు అమ్మ చెప్పినట్టే తెలుసు. ఎదురింటివాళ్ళు మాల్దీవుల నుంచి వచ్చారు. ఆ అబ్బాయి భార్య మా మేనకోడలి కోసం చాక్లెట్ల డబ్బా తెచ్చింది. అన్న గేటు దగ్గరకు వెళ్ళి తీసుకున్నాడు, వాళ్ళతో కాసేపు మాట్లాడాడు. మూడో రోజుకు అన్న లేవలేకపోయాడు. వారం తిరక్కుండానే ఎదురింట్లోనూ ఇద్దరికీ జ్వరం.

అన్నను మొదట చిత్తూరులో చేర్చారు. ఆయాసం ఎక్కువైతే తిరుపతికి తెచ్చారు. ఊరంతా ఆసుపత్రులే అనిపించే తిరుపతిలో ఆ రోజుల్లో ఒక్క మంచం కోసం నేనూ మా ఆయనా చెరో దిక్కుకు తిరిగాం. దొరికింది. అన్నను లోపలికి తీసుకుపోయేటప్పుడు చెయ్యెత్తి వదినను చూపించాడు. ఆమెను చూసుకో అని కాబోలు. నేను తల ఊపాను. అదే ఆఖరు. మళ్ళీ అన్నను మాకు చూపించింది కవర్లో చుట్టి, మొహం దగ్గర మాత్రం కాస్త తెరిచి.

అన్నను అక్కడే తిరుపతిలో దహనం చేశారు. అమ్మ రాలేకపోయింది. కొడుకు మొహం కూడా చూడలేదు.

చూడని ఆ మొహానికి బదులు ఆమెకు ఎదురింటి తలుపు కనబడేది. పొద్దున లేచి అరుగు మీద కూర్చుని మొదలుపెట్టేది. "షికారు పొయ్యి నా కొడుకును పొట్టన పెట్టుకున్నారు. చాక్లెట్లంట, చాక్లెట్లు." వీధి అంతా వినేది. పాలవాడు వాళ్ళింట్లో పాలు పొయ్యడం మానేశాడు. పనిమనిషి రాలేదు. ఆ అబ్బాయి ఒకరోజు ధైర్యం చేసి, టెస్టు కాగితం పట్టుకుని మా గేటు దాకా వచ్చాడు. "అమ్మా, వచ్చేటప్పుడు మాకేం లేదమ్మా, ఒకసారి సూడండి" అన్నాడు. అమ్మ లేచి తలుపేసుకుంది. నేనప్పుడు అక్కడే ఉన్నాను. ఆ కాగితం నేనూ చూడలేదు. చూడాలని అనిపించలేదు.

ఆ నెలాఖరుకు వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. సామాను లారీకెక్కిస్తుంటే ఆ పిల్ల తల వంచుకుని గోడవైపు తిరిగి నిలబడిందని వీధిలోవాళ్ళు సంతోషంగా చెప్పుకున్నారు.

ఆరు నెలలకు పైగా గడిచాక వదిన స్కూల్లో నలుగురు టీచర్లు క్రిస్మస్ సెలవులకు శ్రీలంక వెళ్ళాలనుకున్నారు. వదినను కూడా రమ్మన్నారు. వదిన అమ్మను అడిగింది. అడిగిన మరుక్షణం అమ్మ నాకు ఫోన్ చేసింది. "నువ్వొకసారి రా మే. మీ వదిన దేశం దాటి పోతాదంట."

నేను వెళ్ళేసరికి ఇద్దరూ హాల్లో చెరో మూల ఉన్నారు. టీవీలో ఏదో కొత్త రకం రోగమని చెబుతున్నారు, ఓమిక్రానని. అమ్మ టీవీవైపు చెయ్యి చూపించింది.

"సూడు. మళ్ళా వస్తా ఉండాది. ఇప్పుడు షికారు ఏంది?"

"రెండు సూదులూ ఏసుకున్నాను అత్తా. ఆ దేశమోళ్ళు రమ్మంటాండారు. మనోళ్ళు పొమ్మంటాండారు" అంది వదిన.

"వాళ్ళు పొమ్మంటారు. పోయిన ఏప్రిల్లోనూ పొమ్మన్యారు. ఏమైంది?"

నిజం చెప్పాలంటే నా మనసులో కూడా వద్దనే ఉంది. ఆసుపత్రి వరండాలో కూర్చుని వచ్చినదాన్ని, మనుషులు సరదాకు విమానాలెక్కడం నాకు మింగుడుపడలేదు. ఇంకొన్నాళ్ళు అందరినీ ఆపితే ఏం పోయిందనుకునేదాన్ని. భర్త పోయి ఏడాది తిరగని మనిషి విహారయాత్రకు వెళ్తే నలుగురూ ఏమంటారోనన్న భయం కూడా లోపల ఉంది. దాన్ని రోగం మీద పెట్టి మాట్లాడటం మా అందరికీ సులువైంది.

"ఈ ఏడు వద్దులే వదినా" అన్నాను.

అమ్మకు బలం వచ్చింది. "నేను వాళ్ళను నోరారా తిట్టినాను. వీధి వీధంతా తిట్టింది. ఇప్పుడు నా కోడలే పోతే ఏ మొహం పెట్టుకొని తిరగాల? వాళ్ళు పొయ్యొచ్చి నా కొడుకును చంపినారు. నువ్వు పొయ్యొచ్చి ఎవుర్ని చంపుతావు?"

వదిన లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను. తీగ మీద ఆరిన బట్టలు తీస్తోంది. మా మేనకోడలి యూనిఫాం మడత పెడుతూ, నా వైపు చూడకుండానే అంది.

"వాళ్ళు చంపలేదు మే."

నేను ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"మాల్దీవుల నుంచి వాళ్ళ కారు వచ్చినపుడు నేను మెడికల్ షాపు నుంచి వస్తాన్యాను. చేతిలో జొరం మాత్రలు ఉన్నాయి, మీ అన్నకే. అప్పటికే రెండు రోజులుగా జొరం. అమ్మకు చెప్పొద్దు, భయపడుతుందన్యాడు. లోపల మాత్రలు మింగి, బయట నవ్వుతా ఉన్యాడు. ఆ జొరంతోనే పొయ్యి ఆ పిల్ల దగ్గర డబ్బా తీసుకున్యాడు."

"మరి ఎక్కడి నుంచి వచ్చింది?"

"పెండ్లి నుంచి వచ్చినాక అత్తకే ముందు జలుబు చేసింది. ఒళ్ళు నొప్పులన్యింది. ప్రయాణం అలసటనుకున్యాము. ఒకరోజు పొయ్యి కాడ కూర్చోనుంటే పాలు మాడి ఇల్లంతా కంపు. నేను వాకిట్లో నుంచి పరిగెత్తుకొని వచ్చినాను. ఆమె పక్కనే ఉండాది, ఆమెకు వాసనే తెలీలేదు. అప్పుడు నాకు తట్టలేదు. ఆయన పోయినాక తట్టింది."

బట్టలు ఉతికే రాయి మీద కూర్చున్నాను.

"ఎందుకు చెప్పలేదు వదినా?"

"ఎట్ల చెప్పేది? ఆయన వద్దంటా ఉంటే పట్టుబట్టి పెండ్లికి పొయింది ఆమె. చెప్తే బతుకుతుందా? తిట్టుకోనీలే, తిట్టుకుంటా అన్నా బతుకుతుంది అనుకున్యాను. ఎదురింటోళ్ళకు కూడా మనింటి నుంచే పొయ్యిందేమో, ఎవురికి తెల్సు."

లోపల్నుంచి టీవీ వినబడుతూనే ఉంది. నేను హాల్లోకి వచ్చి, "పోనియ్యమ్మా, నాలుగు రోజులే కదా" అన్నాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నా గొంతులో ఏదో మారిందని ఆమెకు తెలిసే ఉంటుంది. ఎందుకు మారిందో నేను చెప్పలేను కదా. "మీరిద్దరూ ఒకటైనారు. పొమ్మను. తిరిగొచ్చి ఈ గడప తొక్కేటప్పుడు నేనుండను" అంది. వెనక నిలబడ్డ వదిన, "నేను పోనులే అత్తా, గమ్మునుండు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

టీచర్లు వెళ్ళి వచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. జనవరిలో ఎక్కడికీ వెళ్ళని మా ఇంట్లోనే అందరికీ జ్వరాలొచ్చి తగ్గాయి. ఆ తర్వాత రోగం మాట అందరూ మరిచిపోయారు. రెండేళ్ళకు అమ్మే అంది, "మనసైతే ఇప్పుడు పొయ్యి రామ్మా" అని. వదిన, "ఇప్పుడు ఆశ లేదు అత్తా" అంది. కోపంతో కాదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టు చెప్పింది.

పోయిన ఏడాది మా కాలేజీ పని మీద మదనపల్లె వెళ్ళాను. అక్కడి బ్యాంకులో కౌంటరు వెనక కూర్చున్న మనిషి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. జుట్టు పల్చబడింది. మొదట గుర్తుపట్టలేదు. "బంగారుపాళ్యంలో మీ ఎదురింట్లో ఉంటిమి అక్కా" అన్నాడు. నన్ను బయటికి తీసుకొచ్చి టీ ఇప్పించాడు. అమ్మ బాగుందా అని అడిగాడు. అంత జరిగాక అతను ముందు అడిగింది అమ్మ గురించే.

నేనే ఉండబట్టలేక అడిగాను. "మీ ఆవిడ ఎలా ఉంది?"

అతను టీ గ్లాసును ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఉండాది. బయటికి రాదు. వాళ్ళ చెల్లెలి పెండ్లికి కూడా పోలేదు. తనే అన్నను చంపినానని మనసులో పెట్టుకుంది. ఆ చాక్లెట్లు నేను ఇవ్వకుండా ఉంటే అంటుంది. ఆ ట్రిప్పు ఫోటోలన్నీ ఫోన్లో నుంచి తీసేసింది. పోకుండా ఉండాల్సింది అక్కా. ఆ టైములో అది తప్పే. కానీ..."

అక్కడే చెప్పేశాను. జ్వరం మాత్రలు, వాళ్ళ కారు, పెళ్ళి, మాడిన పాలు, అన్నీ. అతను వింటూ వింటూ మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. "మీకు ఎప్పుడు తెలుసక్కా?" అని అడిగాడు. చెప్పాను. లెక్క కట్టుకున్నట్టు కాసేపు నేలవైపు చూసి, "మూడేండ్లకు పైనే" అన్నాడు.

వాళ్ళు ఆ ఏప్రిల్లో వెళ్ళి ఉండకూడదని నేను ఇప్పటికీ అనుకుంటాను. జనం మంచాల కోసం తిరుగుతుంటే సముద్రం చూడటానికి వెళ్ళడాన్ని నా మనసు ఇప్పటికీ ఒప్పుకోదు. మా అన్న పోయింది మాత్రం వాళ్ళ వల్ల కాదు. ఈ రెండూ వేరువేరు మాటలని ఆ రోజు మా వీధిలో ఒక్కరం కూడా అనుకోలేదు.

సాయంత్రం బంగారుపాళ్యంలో బస్సు దిగి వదినకు చెప్పాను. "అత్తను కాపాడాలనే చూసినాను. ఆ పిల్ల ఒకతి ఉండాదని నాకు తట్టనే లేదు మే" అంది.

ఆ ఆదివారమే వదిన మదనపల్లె వెళ్ళింది. నన్ను తోడు రమ్మంది. ఆ పిల్ల తలుపు తీసి మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. చిక్కిపోయింది. వదిన ఆమె చేతులు పట్టుకుని, భర్తకు ముందే జ్వరమని తన నోటితో చెప్పింది. ఆ పిల్ల అంతా విని, నెమ్మదిగా అడిగింది.

"అత్తమ్మకు చెప్పినారా అక్కా?"

"లేదు."

"ఆమె ఇంకా నన్నే తిడతా ఉంటాదా?"

వదిన తల దించుకుంది.

"ఒక్కసారి చెప్పండి అక్కా. ఎట్లైనా చెప్పండి. పెండ్లి మాట వద్దు. అన్న పొయింది నా వల్ల కాదు అని మాత్రం చెప్పండి."

చెబుతామని మేము మాట ఇవ్వలేకపోయాం. బస్టాండులో వదిన, "ఆ పిల్ల వల్ల కాదంటే మరి ఎవురి వల్ల అని అడుగుతాది కదా" అంది. అవును, అమ్మ తప్పకుండా అదే అడుగుతుంది.

అమ్మకు ఇప్పుడు వయసు మీదపడింది, జ్ఞాపకం మాత్రం గట్టిగా ఉంది. నెలకోసారి ఊరికి వెళ్ళినప్పుడు ఈసారి చెప్పాలనుకుంటాను. నా కాళ్ళ చప్పుడు విని, "తిన్నావా మే, మొహమట్ల పీక్కపొయింది" అంటూ లేచి వస్తుంది. నేను చేతి సంచి కింద పెట్టి తిన్నానని చెబుతాను. ఎదురింట్లో ఇప్పుడు వేరెవరో ఉంటున్నారు. ఇంకా చెప్పలేదు.