కబ్జా అన్న ఒక్క మాట

నంద్యాల ప్లీడరుగారు పోయారని నిన్న ఆళ్లగడ్డలో బస్సు దిగిన మనిషెవరో చెప్పాడు. అప్పటికే మూడు రోజులైందట. మా ఇంట్లో ఆయన్ను ప్లీడరప్ప అనేవాళ్లం. మా అమ్మ ఆ మాట విని, పొయ్యి మీది కుండ దించి అక్కడే కూలబడింది. "మనోళ్లు గూడా అంత జెయ్యలేదు" అంది.

మనిషి ఎండుకట్టె, మాటా అంతే. కక్షిదారు పొగడబోతే "పనికొచ్చేది చెప్పప్పా" అని కసిరేవాడు. ఏ కాగితమైనా పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి చదివేవాడు. తెలియనిదాన్ని తెలియదని చెప్పే ప్లీడరును నేను ఇంకొకరిని చూడలేదు.

నైజాం ఇంకా నైజాంగా ఉన్న రోజులవి. తుంగభద్ర దాటితే మనకు పరదేశమే. సుంకం నాకా దాటాలి, రూపాయి వేరు, కోర్టు కాగితాలన్నీ ఉర్దూలో. అవతల నల్లరేగడి చవకగా వస్తుందని మా నాయన దొర్నిపాడు దగ్గర మాకున్న ఒక్క చేనూ అమ్మేశాడు. కొనేముందు సలహాకని నన్ను వెంటబెట్టుకుని నంద్యాల పోయాడు.

"ఆ లిపి నాకు రాదు. ఆ పక్క చట్టమూ తెల్దు" అన్నాడు ప్లీడరప్ప. "ఆడ నీకంటూ ఒక వకీలును పెట్టుకో. నాకు తెలిసినాయన ఉండాడు, జాబు రాసిస్తా. అమ్మేవాని వకీలు మాత్రం వద్దు. వాని కూడు తింటాండేవాడు నీ మాట యాడ మాట్లాడతాడు?"

బయటికొచ్చాక నాయన నవ్వాడు. "వీళ్లకూ వీళ్లకూ పొత్తు ఉంటాదిలేరా. ఒక కాగితానికి ఇద్దరు వకీళ్లు ఏందీ?" జాబు జేబులోనే ఉండిపోయింది. నేనూ నవ్వాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

అవతలి ఊళ్లో అమ్మేవాడి వకీలే కాగితం చదివి తెలుగులో చెప్పాడు. నాయన అడిగింది ఒకటే: "కబ్జా మాకే అని రాసిండారా?"

"రాసినాం" అన్నాడు వకీలు.

అబద్ధం కాదు. పొలం కబ్జాకు వచ్చిందంటే మా వైపు ఇక అది మనదేనని అర్థం. ఆ కాగితంలో మాత్రం కబ్జా అంటే దున్నుకునే స్వాధీనమే, హక్కు అన్న మాటే లేదు. హక్కేమో అమ్మినవాడి అన్న పేరున ఉంది. రెండో పైరు చేలో ఉండగా ఆ అన్న దావా వేశాడు.

ప్లీడరప్ప "నేను చెప్పలేదా" అనలేదు. తనకు రాని భాషలో నడిచే కోర్టుకు మాతో మూడుసార్లు వచ్చాడు. అప్పుడు జాబు ఎవరికి రాశాడో ఆ వకీలునే కుదిర్చాడు. అప్పటికే చేతులు కాలిపోయాయి. ఓడిపోయాం. నాయన ఆ వేసవి దాటలేదు.

తర్వాత ఫీజు ఇవ్వబోతే ప్లీడరప్ప నా చెయ్యి నెట్టేశాడు. "ఆ పొద్దు నేనే మీ నాయనతో ఏరు దాటింటే సరిపోయేది. జాబు రాసి చేతులు దులుపుకుంటి" అన్నాడు. తప్పు మాది. ఆయన చివరిదాకా తనదే అనుకున్నాడు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. నా కళ్లకు తీర్పు వచ్చిన రోజే కనిపిస్తోంది. చేను ఒకసారి చూడాలని నాయన పట్టుబట్టాడు. పోయేసరికి మేం విత్తిన జొన్నను దావా గెలిచిన ఆ అన్న కూలీలు కోస్తున్నారు. ప్లీడరప్ప నల్లకోటు విప్పి చంకన పెట్టుకుని, నాయన పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"మనం ఇత్తిందే గదప్పా?" అన్నాడు నాయన.

"మనం ఇత్తిందే."

కూలీలు కోసుకుంటూ మా దాకా వచ్చారు. గట్టు వార సాలు కోయాలి, లేయండన్నారు. ప్లీడరప్ప ముందు లేచి నాయనకు చెయ్యి ఇచ్చాడు.