అయిదు పొట్టి కూతలు

లొరెట్టాను నేను చాలాకాలం నమ్మలేదు. అసలు ఎవర్నీ తొందరగా నమ్మే మనిషిని కాను. ఏటి ఒడ్డున ఎరల కొట్టు నడిపేవాణ్ణి, ‘ఇంత చేప పడింది’ అని చేతులు బార్లా చాపి చూపించేవాళ్ళ మధ్యే నా బతుకంతా గడిచింది. అయినా లొరెట్టా సంగతి వేరు. మా ఆవిడ వినీని డయాలిసిస్‌కి తీసుకెళ్ళే వ్యాను వంతెన దగ్గర నిలిచిపోయిన రోజున, ఆ వంతెనను పైకెత్తిన చెయ్యి లొరెట్టాదే.

మాది కోల్‌బీ లాండింగ్. ఊరికీ హైవేకీ మధ్య ఏరు, ఏటి మీద ఒక్కటే వంతెన. పడవలొస్తే మధ్యకి విడిపోయి పైకి లేస్తుంది. ఆసుపత్రి, హైస్కూలు, సగంమంది ఉద్యోగాలు అవతలి ఒడ్డునే. ముందు లొరెట్టా తండ్రి ఆ వంతెన నడిపేవాడు. ఆయన పోయాక ఉద్యోగమూ, నూనె మరకల కోటూ రెండూ కూతురికే దక్కాయి. ఆ కోటు ఆవిడకి మోకాళ్ళ దాకా వచ్చేది. చేతులు మడిచి తొడుక్కునేది గానీ కత్తిరించనిచ్చేది కాదు.

చిన్నప్పుడు బళ్ళో పడవల కూతలు కూసి టీచర్ల చేత చీవాట్లు తినేది. కూతలంటే మా ఊళ్ళో అందరికీ తెలిసినవే. పడవ ఒక పొడుగు, ఒక పొట్టి కూత కూస్తే ‘దారి ఇవ్వు’ అని. వంతెన అదే కూత తిరిగి కూస్తే ‘ఇస్తున్నా’ అని. వంతెన అయిదు పొట్టి కూతలు కూసిందంటే ‘కుదరదు, ఎత్తను’ అని. అది విన్న పడవవాడు తిట్టుకుంటూ లంగరు వేసుకుని కూచోవలసిందే.

ఇంటి పైకప్పులు వేసే క్లెమ్ హాబర్ట్‌ని పెళ్ళి చేసుకుంది. పదకొండేళ్ళు కాపురం చేసి విడిపోయారు. తరవాత క్లెమ్ మేయరయ్యాడు. వంతెన మీది గదిలోంచి లొరెట్టా వచ్చేపోయే ప్రతి కారుకీ చెయ్యి ఊపేది, తెలియనివాళ్ళకి కూడా. క్లెమ్ కారు వస్తే మాత్రం ఆ చెయ్యి కోటు జేబులోకి పోయేది. ఊరంతా దాన్ని చూసి నవ్వుకునేది. ఈ చిన్న పంతమే ముందుముందు ఆవిడ మెడకి చుట్టుకుంటుందని అప్పుడెవరూ అనుకోలేదు.

ఆ ఏడు గవర్నరు రెండోసారి పోటీ చేశాడు. అవతలి పార్టీ మేయర్లను కూడా తన వేదిక ఎక్కించుకోవాలని ఆయన మనుషులు క్లెమ్‌కి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. క్లెమ్ నా కొట్లో వానపాముల డబ్బా పట్టుకుని, ‘‘మళ్ళీ చేశార్రా రోలండ్. ఆదివారం చేపలు పట్టుకోవాలి, రాలేనన్నాను,’’ అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ‘‘వాళ్ళతో వేళాకోళం ఎందుకురా?’’ అన్నాను.

సెప్టెంబరులో బళ్ళు తెరిచారు. ఒక సోమవారం పొద్దున, పిల్లల బస్సులు వెళ్ళే వేళకి వంతెన అయిదుసార్లు పొట్టిగా కూసింది. ఏట్లో పడవ లేదు. కూసిన కాసేపటికి వంతెన లేచింది. లేచింది మళ్ళీ దిగదే. కార్ల వరస చర్చి దాకా పాకింది. ‘యంత్రాల పరీక్ష’ అని ఎవరో ఒక బోర్డు పెట్టారు. మర్నాడూ అదే తంతు. ముందు అయిదు కూతలు, ఆ తరవాత వంతెన.

‘‘లొరెట్టాకి చాదస్తం వచ్చింది. ఎత్తనని కూసి ఎత్తుతుందేమిటి?’’ అన్నారు హోటల్లో.

‘‘చాదస్తం కాదు, వెటకారం. కుదరదనేది పడవలకి కాదు, మనకి. క్లెమ్‌కి,’’ అన్నాను నేను. ఈ మాట అందరికీ నచ్చింది. సాయంత్రానికి ఊరంతా తిరిగింది.

గురువారం వినీ ఎక్కిన వ్యాను వంతెన ముందు ఆగిపోయింది. ఆసుపత్రికి చేరేసరికి ఆవిడ గుండె లయ తప్పింది. రెండు రాత్రులు ఆ కుర్చీలో ఎలా కూర్చున్నానో చెప్పలేను. ఆవిడ గండం గడిచిందని డాక్టరు చెప్పగానే నేరుగా వంతెన దగ్గరికి పోయి గది కిందనుంచి అరిచాను.

‘‘ఎవరు ఎత్తమన్నారు నిన్ను?’’

కిటికీ తెరుచుకుంది. ‘‘పరీక్ష అని చెప్పమన్నారు, రోలండ్. అంతకుమించి మాట్లాడొద్దన్నారు.’’

‘‘ఎవరన్నారు?’’

కిటికీ మూసుకుంది. వంతెన మాత్రం ఆ గురువారం తరవాత అలా లేవలేదు. పత్రికలవాళ్ళు వచ్చారని జడిసి ఆపారనుకున్నాను.

పత్రికల వెనకే నేర పరిశోధకులు దిగారు. ఇద్దరు. మూరెడు బూట్లు వేసుకున్న ఒకావిడ నా కొట్టుకి వచ్చి, ఎర కొనకుండా గంటసేపు ప్రశ్నలడిగింది. క్లెమ్ వేదిక ఎక్కనన్నందుకు ఊరి మీద కక్షతో వంతెన ఎత్తించారన్న అనుమానంతో గవర్నరు సహాయకులిద్దరి ఫోన్లు పట్టుకెళ్ళారని తెలిసింది. దాంతో ఊరి మొహమే మారిపోయింది. హోటల్లో నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. నా వెనక ఎవరైనా వస్తే నేనే ఆపేవాణ్ణి. గవర్నరు బొమ్మ అంటించుకున్నవాళ్ళు రాత్రికి రాత్రే కార్ల మీంచి దాన్ని గీకేశారు. నేను వాళ్ళనీ అనుమానించాను, గీకనివాళ్ళనీ అనుమానించాను.

వంతెనలన్నిటికీ జిల్లా అధికారి డెల్ ప్రూయిట్. ఒకప్పుడు లొరెట్టా తండ్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. అతను పరిశోధకులకి చెప్పింది ఇదీ: ‘పరీక్ష చెయ్యమన్న మాట నిజమే. ఏ వేళకి, ఎంతసేపు అన్నది ఆవిడ ఇష్టం. మాజీ మొగుడి మీద కక్ష. చెయ్యి కూడా ఊపదు, ఊరంతా అడగండి.’ అడిగారు. ఊరంతా అవునంది. గవర్నరు సహాయకులు ఇద్దరూ అదే కథ పట్టుకున్నారు. ఆ కథ నిలిస్తే వాళ్ళు ఇంటికి, లొరెట్టా జైలుకి.

ఆవిడకి ఒక దారి ఉంది. ‘నిజంగా పరీక్షే అనుకున్నాను’ అంటే చాలు, నేరం అంటదని లాయరు నూరిపోశాడట. క్లెమ్ చెప్పాడు. క్లెమ్‌కి ఎలా తెలిసిందని అది కూడా అనుమానించాను. విడిపోయిన మొగుడూపెళ్ళాలు కారు పక్కన నిలబడి మాట్లాడుకుంటుంటే ఎవరికి అనుమానం రాదు?

విచారణ రోజున వినీ తనూ వస్తానంది. ‘‘నువ్వెందుకు?’’ అంటే, ‘‘వ్యానులో ఉన్నది నువ్వా నేనా?’’ అంది. లేచి ఆవిడ ఎర్ర టోపీ అందించాను.

లొరెట్టా ఆ కోటుతోనే బోనెక్కింది. సహాయకుల తరఫు లాయరు మాట నెయ్యి రాసినట్టుంది.

‘‘ఎత్తే ముందు రోజూ అయిదుసార్లు కూశారు. అర్థమేమిటి మేడమ్?’’

‘‘ఎత్తనని.’’

‘‘కానీ ఎత్తారు. అంటే ఊరిని వెక్కిరించారు. మీ మాజీ భర్తని వెక్కిరించారు. అవునా?’’

నా నోటి మాటే అతని నోట వచ్చింది. సీట్లో సర్దుకుని కూర్చున్నాను.

‘‘కాదు. ప్రూయిట్‌కి చెప్పాను.’’

‘‘ప్రూయిట్ గారు అరవై మైళ్ళ దూరంలో ఉన్నారు కదా!’’

‘‘ఫోన్లో ఉన్నాడు. వంతెన లేపే పళ్ళచక్రాల చప్పుడు తన చెవిన పడేదాకా ఫోను పెట్టెయ్యొద్దనేవాడు. ఎత్తిందా లేదా అని ఎవరో తన పక్కనే నిలబడి అడుగుతున్నారనేవాడు. నోటితో వద్దంటే ఉద్యోగం పీకుతానన్నాడు. అందుకని ఫోను కిటికీలో పెట్టి కూశాను. ఆ కూత అతనికి మా నాన్న నేర్పాడు.’’

నేను ప్రూయిట్ వైపు చూశాను. తల వంచుకుని బల్ల చెక్కని గోటితో గీరుతున్నాడు.

లాయరు వదల్లేదు. ‘‘అయితే తప్పని తెలుసు మీకు. కూత వద్దంది, చెయ్యి ఎత్తింది. కోర్టువారు కూతని నమ్మాలా, చేతిని నమ్మాలా?’’

ఆవిడ లాయరు కంగారుగా లేవబోయాడు. లొరెట్టా అతని వైపు చూడనే లేదు.

‘‘రెండూ నావే. పరీక్ష కాదని మొదటిరోజే తెలుసు. వంతెన ఉద్యోగం పోతుందని భయపడి ఎత్తాను. గురువారం తరవాత ఫోను తియ్యలేదు.’’

ఆ మాటతో తనని తానే పట్టిచ్చుకుంది. ఇలా నిజం చెప్పేవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు. నాకు సిగ్గేసింది, ఆవిడ మీద కోపమూ పోలేదు.

తరవాతి వారం ప్రూయిట్ మాట మార్చాడు. పక్కన నిలబడి అడిగింది ఎవరో పేర్లతో సహా చెప్పాడు. సహాయకులిద్దరూ జైలుకి పోయారు. గవర్నరు గారికి మాత్రం టీవీలో చూసేదాకా ఏమీ తెలియదట. నేను నమ్మను. నమ్మకపోతే చేసేదీ లేదు. లొరెట్టాకి జైలు తప్పింది, వంతెన ఉద్యోగం పోయింది. ఇప్పుడున్న కుర్రాడు ఎవరికీ చెయ్యి ఊపడు.

మంచు పడే రోజుల్లో ఒక మధ్యాహ్నం లొరెట్టా మా ఇంటి తలుపు తట్టింది. కోటు లేదు. అది వంతెన గది మేకుకే వదిలేసి వచ్చిందట. లోపలికి రమ్మన్నా రాలేదు.

‘‘ఆ రోజు వ్యాను నాకు కనపడింది, వినీ. కిటికీలో నీ ఎర్ర టోపీ కూడా కనపడింది. నువ్వున్నావని తెలిసే ఎత్తాను. అది కోర్టులో ఎవరూ అడగలేదు.’’

వినీ ఒడిలోని దుప్పటి మడత పెట్టింది. తొందరపడలేదు.

‘‘నీ కూత విన్నాను. అయిదూ అయ్యాక ఆ రోజు చాలాసేపు ఆగావు. ఇక ఎత్తదులే అని డ్రైవరుకి చెప్పాను కూడా.’’

లొరెట్టా గుమ్మంలోనే నిలబడింది. చలిగాలి ఇల్లంతా నిండుతున్నా తలుపు వెయ్యమని నేను అనలేకపోయాను. కాసేపటికి వినీ ఎదుటి కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీద పడేసింది.