నందిగామ ఐసు, వేదాద్రి దారిలో మిర్చి కల్లం, ఒక గామా విస్ఫోటం

శనివారం మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలకు శేషగిరి మాస్టారు విజయవాడలో ఉన్న నాకు ఫోన్ చేశారు. ఆయన జగ్గయ్యపేటలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. సొంత డబ్బుతో కొనుక్కున్న పన్నెండు అంగుళాల టెలిస్కోపు ఉంది. "వచ్చిందండీ. రెండింటికి పేలింది. సింహరాశిలో ఉంది, చీకటి పడేసరికి నెత్తి మీదకొస్తుంది. ఇక్కడ ఐసు దొరకట్లేదు, పెళ్ళిళ్ళు. నందిగామలో దిగి ఒక ముక్క పట్టుకురాగలరా?" అన్నారు. ఏడున్నరలోపు చేరాలన్నారు.

ఇలాంటి ప్రయాణానికి బయలుదేరాలనుకునేవాళ్ళ కోసం ముందు కొంచెం వివరం. గామా విస్ఫోటం అంటే చాలా దూరపు గెలాక్సీలో ఒక పెద్ద నక్షత్రం చనిపోతూ విడిచే గామా కిరణాల మెరుపు. కొన్ని సెకన్లే ఉంటుంది. పైన తిరిగే ఉపగ్రహం దాన్ని పట్టుకుని, ఎటువైపు వచ్చిందో కిందికి చెబుతుంది. ఆ చోట మామూలు వెలుగు కొన్ని గంటలు మిగిలి, క్రమంగా ఆరిపోతుంది. భూమ్మీద టెలిస్కోపులున్నవాళ్ళు ఆ లోపలే దాన్ని వెతికి, ఎంత ప్రకాశంగా ఉందో కొలవాలి. ఇలా కొలిచేవాళ్ళ బృందం ఒకటి ఈమెయిల్ మీద నడుస్తోంది. మాస్టారు అందులో ఉన్నారు. ఆ సాయంత్రం తూర్పు దేశాలవాళ్ళకి మబ్బు, పడమటి దేశాలవాళ్ళకి ఇంకా పగలు. మధ్యలో చీకటి పడేది మనకే.

నేను వెళ్ళడానికి ఇంకో కారణం కూడా ఉంది. పోయిన వేసవిలో మాస్టారు ఇలాంటిదే ఒకటి దొరికిందని బృందానికి మెయిల్ పంపారు. నేను జిల్లా పేజీలో మూడు కాలమ్‌ల వార్త రాశాను. మర్నాటికి తేలింది, ఆయన చూపించిన చోట ఏమీ లేదు. అసలు వెలుగు పక్కన ఇంకోచోట ఉంది. ఆయన కెమెరా వేడెక్కి, లేని చుక్కను చూపించింది. ఆయన రెండు లైన్లలో మెయిల్ వెనక్కి తీసుకున్నారు. నేను ఒక కాలమ్ సవరణ వేశాను. ఆ తర్వాత బృందాన్ని నడిపే ఆయన మాస్టారికి ఒక మాట రాశారు: ఇంకోసారి తప్పయితే జాబితాలోంచి పేరు తీసేస్తాం. పేరు తీసేస్తే కబురు రాదు. కబురు రాకపోతే ఎంత మంచి టెలిస్కోపు ఉన్నా ఎటు తిప్పాలో తెలియదు.

విజయవాడలో మూడూ నలభైకి ఎక్స్‌ప్రెస్ దొరికింది. నందిగామకి ఇరవై నాలుగు రూపాయలు. ఐదింటికి దిగాను. బస్టాండు నుంచి ఐసు ఫ్యాక్టరీకి నడిచి ఏడెనిమిది నిమిషాలు. అక్కడ దిమ్మలన్నీ పెళ్ళివాళ్ళు పట్టుకుపోయారు, పది కిలోల విరిగిన ముక్క ఒకటి మిగిలింది. "ఊక నింపి కట్టమంటారా? పది నిమిషాలు పడుద్ది," అన్నాడు అక్కడి మనిషి. టైమ్ లేదు, వద్దన్నాను. గోతాంలో చుట్టి ఇచ్చాడు. ముప్పై రూపాయలు. ఆ పది నిమిషాలు మిగుల్చుకోవడం ఆ రోజు నేను చేసిన తప్పు.

నీళ్ళు కారే గోతాంతో బస్సెక్కనివ్వనన్నాడు కండక్టరు. ఆయన తప్పేం లేదు, సీట్ల కింద జనం సామాను ఉంది. సెంటర్‌లో ఒక ట్రాలీ ఆటో ఖాళీగా గరికపాడు వెళ్తోంది. నడిపేది సైదులు, నల్గొండ వైపు మనిషి, ఈ హైవే మీద మిర్చి బస్తాలు తోలుతుంటాడు. జగ్గయ్యపేట దాటి వేదాద్రి దారిలో కల్లం దాకా నూట యాభైకి ఒప్పుకున్నాడు. ముందు సీట్లో నేను కూర్చున్నాను, వెనక ఐసు.

"పెళ్ళికా సారూ?"

"కాదు, కెమెరాకి."

"కెమెరాకి ఐసేంది సారూ, జ్వరమొచ్చిందా?"

"ఇంచుమించు అంతే. వేడెక్కితే లేని చుక్కలు ఉన్నట్టు చూపిస్తుంది."

"గట్లనే ఉంటది. మా నాయనకు జ్వరమొస్తే గోడ మీద చీమలు పోతున్నయ్ అనేటోడు. గోడ కడిగినం కూడా."

పదిహేనేళ్ళుగా సైన్సు వార్తలు రాస్తున్నా, ఈ విషయాన్ని ఇంత తేలికగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

చిల్లకల్లు ముందు ఒక లారీ ఇరుసు విరిగి రోడ్డుకి అడ్డంగా ఆగింది. ఇరవై ఐదు నిమిషాలు కదల్లేదు. ఐదున్నర దాటినా ఎండ తగ్గలేదు. వెనకనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. సైదులు దిగి, తన తువ్వాలు గోతాం మీద కప్పి, దాని మీద ఖాళీ బస్తాలు పరిచాడు. "జల్ది కరుగుతది సారూ, గాలి తగలొద్దు," అన్నాడు. దారి తెరుచుకున్నాక చిల్లకల్లులో ఎడమకి తిరిగి, జగ్గయ్యపేట మీదుగా కల్లం చేరేసరికి ఆరూ యాభై. గోతాం విప్పితే ముక్క సగమే ఉంది.

కల్లం మాస్టారి అక్క కోటేశ్వరమ్మ గారిది. ఎనిమిదెకరాల మిర్చి. రోడ్డు మీద నుంచి కుడివైపు మట్టిదారిలో అర కిలోమీటరు లోపలికి. జగ్గయ్యపేటలో సిమెంటు ఫ్యాక్టరీల లైట్లు, దుమ్ము ఎక్కువ కనక మాస్టారు టెలిస్కోపు ఇక్కడ పెట్టారు. దక్షిణాన కృష్ణ, దాని అవతల గుంటూరు జిల్లా కొండలు, అటు చీకటి బాగుంటుంది. ఏడు నుంచి తొమ్మిది దాకా కరెంటు కోత. మాస్టారు ముందే లైన్‌మన్‌కి ఫోన్ చేసి ఖాయం చేసుకున్నారు. ఊళ్ళో అందరూ కోత ఎప్పుడు పోతుందని అడుగుతారు, ఈయన ఒక్కరే కోత ఉంటుందా అని అడుగుతారని ఆ లైన్‌మన్ అందరికీ చెప్పుకుంటాడట. టెలిస్కోపు మోటారు ట్రాక్టరు బ్యాటరీ మీద తిరుగుతుంది.

కోటేశ్వరమ్మ గారు గోతాంలోకి తొంగి చూసి, "ఇంతేనా బాబూ?" అన్నారు.

"దారిలో సగం పోయిందండి."

"పోయినేడు సగం కూడా మిగల్లేదులే," అని ఆవిడ తమ్ముడి వైపు చూశారు. మాస్టారు బకెట్‌లో నీళ్ళు పోస్తూ తలెత్తలేదు.

పోయిన ఏడాది జరిగింది అప్పుడు తెలిసింది. ఆ రోజు మాస్టారు పొద్దున్నే ఐసు తెచ్చి కల్లంలో పెట్టి కాలేజీకి వెళ్ళారు. మధ్యాహ్నం కాయలు ఏరే ఆడవాళ్ళు ఎండకి తట్టుకోలేకపోతుంటే, ఈవిడ ఆ ఐసు పగలగొట్టి మజ్జిగలో వేసి అందరికీ పోశారు. సాయంత్రం ఆయన వచ్చి చూస్తే ఖాళీ గోతాం ఉంది. "ఐసు తాగడానిక్కాక ఇంకెందుకనుకుంటాం బాబూ? వీడు చెప్తేగా," అన్నారావిడ. "చెప్పి ఉన్నా పోసేదానివే అక్కా," అన్నారు మాస్టారు. "పోసేదాన్నే." ఏడాదిపాటు ఆయన ఈ సంగతి నాతో అనలేదు. సవరణ వార్తలో కారణం రాయడానికి నేను అడిగినప్పుడు, పొరపాటు నాదే అని మాత్రం అన్నారు.

పని తీరు ఇది. కెమెరాకి వెనక చల్లబరిచే పరికరం ఉంది. దాని వేడిని చల్లని నీళ్ళు లాక్కెళ్ళాలి. బకెట్‌లో ఐసునీళ్ళు, చేపల తొట్టెకి వాడే చిన్న పంపు, సన్నని గొట్టం. లాప్‌టాప్ తెర మీద కెమెరా ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఏడుంబావుకి మైనస్ పదిహేనుకి దిగింది. పోయిన ఏడాది సున్నా కిందికే దిగలేదట.

ఇక కాపలా లైట్లు. మిర్చికి మంచి ధర ఉన్న ఏడు, రాశుల దగ్గర పెట్రోమాక్స్ ఆర్పమంటే ఏ రైతూ ఒప్పుకోరు. కోటేశ్వరమ్మ గారు ఆర్పించారు. బదులుగా నలుగురు మనుషుల్ని రాశి చుట్టూ గోతాలు పరుచుకుని పడుకోమన్నారు. "నీ చుక్క కనపడేంత చీకటైతే దొంగకీ దారి కనపడుద్దిరా," అని తమ్ముణ్ణి అంటూ తనే ఒక కర్ర పట్టుకుని మంచం మీద కూర్చున్నారు.

ఏడూ నలభైకి మొదటి బొమ్మ. ఒక్కోటి రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాలూ ఎవరూ కదలకూడదు. నాలుగో బొమ్మ నా తుమ్ముతో పోయింది. మిర్చి ఘాటుకి అలవాటు లేనివాళ్ళు తడి గుడ్డ ముక్కుకి కట్టుకోవడం మేలు. "విలేకరి గారు ఒక నక్షత్రాన్ని తోకచుక్క చేశారు," అన్నారు మాస్టారు, చీకట్లో నవ్వుతూ. ఐదో బొమ్మని పాత ఆకాశపటం పక్కన పెట్టి చూశారు. ఉపగ్రహం చెప్పిన చోట పటంలో లేని చుక్కలు రెండున్నాయి. ఆయన నవ్వు ఆగిపోయింది.

పోయిన ఏడాది నేను అడగని ప్రశ్న ఈసారి అడిగాను. "ఏది నిజమో ఎలా తెలుస్తుంది?"

"టెలిస్కోపు కొంచెం జరిపి మళ్ళీ తీయాలి. ఆకాశంలోదైతే మిగతా చుక్కలతో పాటు జరుగుతుంది. కెమెరాలోదైతే అక్కడే ఉంటుంది. అప్పుడు నేను జరపలేదండి. దొరికిందనే తొందర."

జరిపారు. రెండు నిమిషాలు. పంపు చప్పుడు, దూరంగా రోడ్డు మీద లారీ హారన్. బొమ్మ తెర మీదకి వచ్చింది. చుక్కలన్నీ ఎడమకి జరిగాయి. రెండింట్లో ఒకటి వాటితో పాటే జరిగింది. రెండోది ఎక్కడున్నది అక్కడే ఉంది. మాస్టారు కదలని దాని మీద వేలు పెట్టి, "ఇది మన పాతదే. పోయినేడు నన్ను ముంచింది ఇదే," అన్నారు. తర్వాత కదిలిన దాని మీద వేలు పెట్టారు.

సగం పనే అయింది. అది ఆరిపోతోందని కూడా చూపించాలి, లేకపోతే ఏదో గ్రహశకలం కావచ్చు. అంటే మొదటి బొమ్మకి గంట తర్వాత మళ్ళీ కొలవాలి. ఎనిమిదింబావుకి బకెట్‌లో ఐసు అయిపోయింది. నీళ్ళు వేడెక్కుతున్నాయి, తెర మీద అంకె పైకి వస్తోంది. మైనస్ ఆరు. మైనస్ నాలుగు. ఊక వద్దన్న నా మాట గుర్తొచ్చింది, మాస్టారితో చెప్పాను కూడా. ఆయన సరేనన్నట్టు తలూపారు తప్ప కళ్ళు అంకె మీదే ఉన్నాయి.

కోటేశ్వరమ్మ గారు మంచం మీద నుంచి లేచారు. పాకలో కూలీల కోసం పెట్టిన మట్టికుండలు మూడున్నాయి, ఇసకలో నిలబెట్టి, తడి గోతాలు చుట్టి. ఆవిడా ఒక మనిషీ కలిసి మొదటి కుండ మోసుకొచ్చారు. "ఇది పోసుకో. గోరువెచ్చనైతే పారబోసి ఇంకోటి పోద్దాం."

"రేపు పొద్దున వాళ్ళకి నీళ్ళు?"

"తెల్లారి నింపుకుంటాంలే. పోయినేడు నీ ఐసు మావాళ్ళు తాగారు. ఈ ఏడు మా కుండనీళ్ళు నీ చుక్క తాగుద్ది. చెల్లు."

కుండనీళ్ళు ఐసంత చల్లన కావు, కానీ అంకె ఆగింది. రెండో కుండకి మైనస్ ఏడు. ఎనిమిదీ నలభైకి రెండో వరస బొమ్మలు మొదలుపెట్టి, తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు ముగించాం. చుక్క ఉన్నచోటే ఉంది. గ్రహశకలమైతే ఆ గంటలో పక్కకి జరిగేది. వెలుగు మాత్రం స్పష్టంగా తగ్గింది. తొమ్మిదింటికి కరెంటు వచ్చి పాక ముందు బల్బు వెలిగేసరికి మాస్టారు టెలిస్కోపుకి మూత పెట్టేస్తున్నారు.

ఆయన స్కూటరు మీద ఎనిమిది కిలోమీటర్లు వెనక్కి, జగ్గయ్యపేట నెట్ సెంటరుకి. గంటకి ఇరవై రూపాయలు, పదింటికి మూసేస్తారు. మెయిల్ టైపు చేశాక పంపకుండా తెర నా వైపు తిప్పి, "మీరొకసారి చదవండి," అన్నారు. సమయాలు మన గడియారం నుంచి ఐదున్నర గంటలు వెనక్కి లెక్కగట్టి రాయాలి. నోట్‌బుక్‌తో సరిచూశాను, సరిపోయాయి. జరిపి తీసిన బొమ్మలు రెండూ జత చేశారు. పంపాక కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. ఆయన పడుకున్నారో లేదో తెలియదు.

పొద్దున్న ఎనిమిదింటికి తిరుగు బస్సులో ఉన్నాను. నందిగామ ఇంకా రాలేదు, ఫోన్ మోగింది. "ఉందటండి," అన్నారు. మనకి పడమరన చీకటి పడ్డాక ఇంకో టెలిస్కోపు అదే చోట చూసింది. ఇంకా మసకబారి కనిపించింది. మా కొలతలతో కలిపితే ఆరిపోయే తీరు ఒకే గీత మీద పడింది. బృందం నడిపే ఆయన మాస్టారి మెయిల్‌ని అలాగే అందరికీ పంపారు. పేరు జాబితాలో ఉంది. "అక్కకి చెప్పారా?" అన్నాను. "చెప్పా. సర్లే, కుండలు కడిగి పెట్టు అంది."

వార్త ఈసారి ఒక్క కాలమ్ మాత్రమే రాశాను. అంతకంటే పెద్దది అవసరం అనిపించలేదు. కొన్ని వందల కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చిన వెలుగుని పట్టుకోవడానికి మాకు దొరికింది గంటంబావు. అందులో మొదటి ముప్పై ఐదు నిమిషాలు ఐసు మీద, చివరి నలభై నిమిషాలు కూలీల మంచినీళ్ళ మీద నడిచింది. మాస్టారు గొప్పవారా కాదా అన్నది నేను తేల్చే విషయం కాదు. ఈసారి ఆయన జరిపి చూశారు, ఎలా తెలుస్తుందని నేను అడిగాను. నందిగామ బస్టాండులో దిగి ఇడ్లీ తింటుంటే, ఏడాది క్రితం వేసిన ఆ సవరణ వార్త మొదటిసారి మనసులోంచి తొలగినట్టనిపించింది.

వేసవిలో ఈ పని మీద ఇటు వచ్చేవాళ్ళకి ఒక సలహా. నందిగామలో పది నిమిషాలు ఆగి ఊక నింపించుకోండి. ఐసు ముక్కలు రెండు కొనండి. ఒకటి కెమెరాకి, ఇంకోటి కల్లంలో మజ్జిగకి. మజ్జిగది ముందు ఇవ్వండి.