కుర్చీ దిగిన మాట

దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో పని ఉంటే జర పక్కన పెట్టండి. మా మనవరాలిని మాటల కోసం కరీంనగర్ తిప్పిన ముచ్చట ఇది.

నాలుగేళ్లు నిండినా ఆ పిల్ల వేలు చూపడమే తప్ప నోరు విప్పేది కాదు. మాటలు నేర్పే మేడం తన గదిలో ఎర్ర కుర్చీ మీద కూర్చోబెట్టి, ఆటబొమ్మ చూపించి ఆగేది. కొన్నాళ్లకు పిల్ల "ఇయ్యి" అంది. నేను అక్కడే గంతేశాను. ఇంటికొస్తే మళ్లీ వేలే. జూన్‌లో బడికి పంపాలి. ఏం కావాలన్నా అక్కడ కొత్తవాళ్లను ఎలా అడుగుతుందని కోడలికి ఒకటే దిగులు.

మహిమంతా కుర్చీలో ఉందనుకున్నాను. హుజూరాబాద్ అంగడిలో అచ్చం అలాంటిదే కొన్నాను. దాని మీద కూర్చోబెట్టి, మేడంలాగే చూపించి ఆగితే నిజంగానే అడిగేది! ఇక ఆ కుర్చీ నెత్తిన పెట్టుకుని కిరాణా కొట్టుకు, పొలానికి, చివరికి బస్సులోకి కూడా.

"అవ్వా, కుర్చీకి గూడ టికెట్ కొట్టాల్నా?" అన్నాడు కండక్టర్. బస్సంతా ఒకటే నవ్వు.

సంగతి విని మేడం కూడా పడీపడీ నవ్వింది. "కుర్చీ కాదమ్మా, మీరు ఆగాలె. పిల్ల అడగకముందే చేతుల పెడుతున్నరు. ఇష్టమైంది కనవడనిచ్చి జర ఓపిక పట్టుండ్రి."

మా ఇంట్లో అది అయ్యే పనేనా? పిల్ల అటు చూస్తే చాలు, తలా ఒక గిన్నెతో ఉరుకుతాం.

ఆ వారమే మా ఆడబిడ్డ ఇంట్లో దావత్. అలవాటు కొద్దీ కుర్చీ తీసుకెళ్లాను. మా మరిది, అంత భారీ మనిషి, చూసుకోకుండా దాని మీద కూలబడ్డాడు. కుర్చీ కాళ్లు తలో దిక్కుకు పోయాయి.

"వదినా, గిది కుర్చీనా, అప్పడమా?"

పిల్లను కింద చాప మీదే కూర్చోబెట్టాం. మటన్ బకెట్ వచ్చింది. పిల్లకు ఇష్టమైన మూలుగ ఎముక, అదే నల్లి బొక్క, కనబడగానే వేలు లేచింది. నా చెయ్యీ లేచింది. కోడలు లటుక్కున పట్టుకుంది.

"అత్తమ్మా, ఆగుండ్రి!"

"ఎయ్యాల్నా, వద్దా?" అన్నాడు వడ్డించేవాడు.

"పిల్ల అడగాలె. అప్పటిదాంక ఎయ్యకు!"

"ఏం పరేషానే గిది, కూర సల్లారుతుంది!" అని వరుసలోంచి మరిది కేక. అయినా అందరూ ముద్ద పట్టుకుని పిల్ల నోటివంకే చూస్తున్నారు.

"ఇయ్యి!" అంది పిల్ల. గరిటె కదలకముందే మళ్లీ, "నల్లి ఇయ్యి!"

ఎవరూ నేర్పని రెండో మాట! చాప మీద చప్పట్లు, ఈలలు. కారం నషాళానికెక్కితే పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆమె కొంగు గుంజి, "నీళ్లియ్యి" అని కూడా అడిగింది. కోడలు ఏడుస్తూనే పగలబడి నవ్వింది.

మీ ఇంటి పిల్లలు నోరారా అడగాలి. అడిగినప్పుడల్లా మీ గిన్నెలో ఇంకో ముక్క ఉండాలి.